స్విచ్ రూల్స్ ప్రాజెక్టు డైరీ: బ్రేక్ మరిచారా, కావాలనే వదిలారా?

ఏప్రిల్ చివరి వారం

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో కొన్నింటికి మేం కంట్రోలర్లు చేసి ఇచ్చాం. గదిలో చలి ఎంతుందో చూసి కంప్రెసర్‌ని వేయడం, ఆపడం, కాయిల్స్ మీద మంచు పేరుకుంటే డీఫ్రాస్ట్ చేయడం, ఏదన్నా తేడా వస్తే సైరన్ మోగించడం వాటి పని. లోపల నడిచేది సీ భాషలో రాసిన ప్రోగ్రాం. దాని గుండెకాయ ఒక స్విచ్ స్టేట్‌మెంట్. యంత్రం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూసి, ఆ కేస్‌లోకి వెళ్ళి, అక్కడ రాసిన పని చేస్తుంది.

పోయిన సీజన్‌లో ఒక స్టోరేజీ నుంచి ఫిర్యాదు వచ్చింది. డీఫ్రాస్ట్ మొదలైన ప్రతిసారీ సైరన్ మోగుతోందట. చలి సరిగ్గానే ఉంది, అమ్మోనియా లీకు లేదు, తలుపులు మూసే ఉన్నాయి. వైరింగ్ విప్పి చూశారు, సెన్సర్లు మార్చారు. చివరికి విషయం కోడ్ దగ్గర తేలింది. పేర్లు తెలుగులోకి మార్చి రాస్తే ఆ ముక్క ఇలా ఉంటుంది:

స్విచ్ (స్థితి) {
  కేస్ డీఫ్రాస్ట్:
    ఫ్యాన్లు_ఆపు();
    హాట్‌గ్యాస్_వాల్వ్_తెరువు();
    టైమర్_మొదలు();
  కేస్ అలారం:
    సైరన్_మోగించు();
    బ్రేక్;
}

టైమర్ లైను తర్వాత బ్రేక్ లేదు. సీ భాషలో కేస్ ఒక లేబుల్ మాత్రమే. స్విచ్ మనల్ని ఆ లేబుల్ దగ్గరికి దూకిస్తుంది, అంతటితో దాని పని అయిపోతుంది. అక్కణ్ణుంచి బ్రేక్ కనబడేదాకా ప్రోగ్రాం కిందికి వెళ్తూనే ఉంటుంది, మధ్యలో ఇంకో కేస్ వచ్చినా పట్టించుకోదు. దీన్నే ఫాల్‌త్రూ అంటాం. భాష ప్రకారం ఇందులో తప్పేమీ లేదు కాబట్టి, కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ నోరు మెదపలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో సంగతి. అప్పటికే అక్కడి వాచ్‌మన్‌కి సైరన్ మోగగానే వెళ్ళి మ్యూట్ బటన్ నొక్కడం అలవాటైపోయింది. లోపల ఉన్నది రైతులు ధర కోసం దాచుకున్న మిర్చి టిక్కీలు (బస్తాలు). తేజ, 334 రకాలు, ఏడాది కష్టం. నిజంగా కంప్రెసర్ ఆగిపోయిన రాత్రి కూడా ఆయన అలాగే మ్యూట్ నొక్కి పడుకుంటే ఎవర్నీ తప్పు పట్టలేం.

అందుకని ఈ ప్రాజెక్టు పెట్టుకున్నాం. కోడ్‌ని నడపకుండా, చదివి మాత్రమే, స్విచ్ స్టేట్‌మెంట్లలో ఇలాంటివి పట్టే చిన్న స్టాటిక్ అనాలిసిస్ టూల్ రాయాలి. రూల్ ఒక్కొక్కటిగా, ఎందుకు పెడుతున్నామో తెలిసి పెట్టాలి. అది చెప్పే మాట మా వాళ్ళు నమ్మాలి. ఉత్తుత్తి వార్నింగ్‌లు చూపించే టూల్‌కీ ఆ సైరన్‌కీ తేడా ఉండదు.

మే మొదటి వారం

"ఇలాంటి టూల్స్ చాలా ఉన్నాయి కదా సార్, మళ్ళీ మనం రాయడం ఎందుకు?" ఇంటర్న్‌షిప్‌కి విజయవాడ నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి మొదటిరోజే అడిగింది. అడగాల్సిన ప్రశ్నే.

ఉన్నాయి. 1978లోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ లింట్ అనే ప్రోగ్రాం రాశాడు. కోడ్‌ని చదివి అనుమానాలు చెప్పే టూల్స్‌కి పెద్దన్న అది. జీసీసీ కంపైలర్ 2017లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి ఫాల్‌త్రూ మీద వార్నింగ్ ఇస్తోంది, కంపైల్ చేసేటప్పుడు డబ్ల్యూ-ఎక్స్‌ట్రా అనే ఆప్షన్ పెడితే చాలు. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లోనూ ఉంది. కాబట్టి ముందు చేయాల్సింది చేశాం. మా ప్రోగ్రాంలో కొంత భాగాన్ని పీసీ మీద సిమ్యులేటర్‌గా జీసీసీతో కంపైల్ చేస్తాం, అక్కడ ఆ వార్నింగ్‌లన్నీ ఆన్ చేశాం. డబ్బు పెట్టి టూల్ కొనకముందు ఎవరైనా ఈ పని చేసుకోవాలి, ఊరికే వస్తుంది.

చిక్కు మిగతా భాగంతో. బోర్డు మీద ఉన్నది పాత 8-బిట్ మైక్రోకంట్రోలర్. దాని కంపైలర్‌కి ఫాల్‌త్రూ అన్న ఊసే తెలియదు. వాల్వులు, కీప్యాడ్, డిస్‌ప్లే చూసే ఫైళ్ళు పీసీ మీద కంపైల్ కావు. సైరన్ తప్పు ఉన్నదీ అలాంటి ఫైల్లోనే. పైగా మాకు కావలసిన రూల్స్‌లో కొన్ని మా కోడ్‌కే ప్రత్యేకం. వాటి సంగతి డిఫాల్ట్ (ఏ కేసూ కలవకపోతే నడిచే భాగం) దగ్గరికి వచ్చినప్పుడు రాస్తాను.

రూల్స్ కోసం మిస్రా వైపు చూశాం. కార్లలో వాడే సాఫ్ట్‌వేర్ కోసం బ్రిటన్‌లో పుట్టిన సీ మార్గదర్శకాలవి. 1998లో మొదలై 2004లో, 2012లో కొత్త రూపాలు వచ్చాయి. 2012 నాటి దాంట్లో 16వ విభాగం మొత్తం స్విచ్‌దే, 16.1 నుంచి 16.7 దాకా ఏడు రూల్స్. ప్రతి కేస్ భాగం చివర షరతు లేని బ్రేక్ ఉండాలి. ప్రతి స్విచ్‌కీ డిఫాల్ట్ ఉండాలి. ఆ డిఫాల్ట్ మొదట్లోనో చివర్లోనో ఉండాలి గానీ మధ్యలో ఉండకూడదు. కనీసం రెండు భాగాలుండాలి. అవును-కాదు విలువ మీద స్విచ్ పెట్టకూడదు. ఇలా సాగుతాయి.

ఏడూ చదివాక నాకు అనిపించింది ఏంటంటే, వీటిలో చాలావాటి వెనక ఉన్నది ఒకే ప్రశ్న. రాసినవాడు మరిచిపోయాడా, కావాలని చేశాడా? ఆ రెండూ కాగితం మీద ఒకేలా కనబడుతున్నంత కాలం ఏ టూలూ ఏమీ చేయలేదు. మనిషి కూడా చేయలేడు. అవి రెండూ వేరువేరుగా కనబడేలా రాయించడమే రూల్ పని. మా ప్రతి రూల్‌నీ ఈ గీటురాయి మీదే చూడాలని గోడ బోర్డు మీద రాసి పెట్టాం.

మే రెండో వారం

పైథాన్‌లో రాస్తున్నాం. సీ కోడ్‌ని చదివి చెట్టులా విడగొట్టి ఇవ్వడానికి పైసీపార్సర్ అనే లైబ్రరీ తీసుకున్నాం. చిన్నది, ఇన్‌స్టాల్ చేయడం తేలిక, ఇంటర్న్‌లు లోపలికి వెళ్ళి చదువుకోగలరు.

మొదటిరోజే మా ఇంకో ఇంటర్న్ అబ్బాయికి ఓ సందేహం వచ్చింది. సీ వ్యాకరణం పుస్తకంలో చూస్తే, కేస్ అనే లేబుల్ తర్వాత వచ్చే ఒక్క స్టేట్‌మెంటే దానికి చెందుతుంది. అంటే పైన రాసిన ముక్కలో 'ఫ్యాన్లు ఆపు' ఒక్కటే డీఫ్రాస్ట్ కేస్‌ది. వాల్వ్ లైను, టైమర్ లైను ఆ కేస్ పిల్లలు కావు, పక్కన నిలబడ్డ తోబుట్టువులు. క్లాంగ్ చూపించే చెట్టు కచ్చితంగా ఇలాగే ఉంటుంది. కేస్ అలారం పక్కనే ఇంకో కేస్ రాస్తే, రెండోది మొదటిదాని కడుపులో ఉంటుంది.

మనం కోడ్ రాసేటప్పుడు లైన్లు లోపలికి జరిపి రాస్తాం కాబట్టి అవన్నీ ఆ కేస్‌వే అని కళ్ళు అనుకుంటాయి. భాష అలా అనుకోదు. ఫాల్‌త్రూ అనే సమస్య మొత్తం ఈ ఒక్క ఖాళీలోంచే పుట్టింది. దీన్ని ఆ కుర్రాడు తనంతట తను పట్టుకోవడం చూసి చాలా సంతోషం వేసింది. మూడేళ్ళుగా సీ చదువుతున్నాడు గానీ ఎవరూ ఇది చూపించలేదట.

పైసీపార్సర్ ఈ విషయంలో మనకు మేలు చేస్తుంది. స్విచ్ లోపలి చెట్టుని తనే మళ్ళీ సర్ది, ఒక కేస్ నుంచి ఇంకో కేస్ దాకా ఉన్న స్టేట్‌మెంట్లన్నిటినీ మొదటి కేస్ కిందికి చేరుస్తుంది. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న కేస్‌లను పక్కపక్కన నిలబెడుతుంది. అందువల్ల 'ఖాళీ కేస్ ఫాల్‌త్రూ కాదు' అన్న రూల్ రెండు లైన్లలో అయిపోయింది. 'కేస్ పైకి', 'కేస్ కిందికి' అని రెండు లేబుళ్ళు వరసగా రాసి రెండిటికీ కలిపి ఒకే పని రాయడం తప్పు కాదు, అక్కడ ఎవరూ ఏదీ మరిచిపోయే ఆస్కారం లేదు. జీసీసీ కూడా దాన్ని వదిలేస్తుంది, మిస్రా కూడా ఒప్పుకుంటుంది.

మే మూడో వారం

అసలు రూల్ రాశాం. ప్రశ్న చిన్నదే. కేస్ భాగం చివరి లైను దాటి ప్రోగ్రాం కిందికి జారగలదా, లేదా?

బ్రేక్, రిటర్న్, గోటు, చుట్టూ ఉన్న లూప్‌కి చెందిన కంటిన్యూ, ఇలా ప్రోగ్రాంని ఇంకోచోటికి పంపే మాట ఏదైనా చివర ఉంటే జారదు. ఇఫ్ (షరతు) ఉంటే అది నిజమైనప్పటి దారి, కానప్పటి దారి (ఎల్స్) రెండు వైపులా చూడాలి. ఎల్స్ లేని ఇఫ్‌లో ఎన్ని బ్రేక్‌లున్నా జారే దారి ఒకటి మిగిలే ఉంటుంది. బయటికి దారి లేని అనంతమైన లూప్ ఉంటే జారదు. మా కోడ్‌లో వాచ్‌డాగ్ (ప్రోగ్రాం మీద నిఘా ఉంచే టైమర్)తో బోర్డుని రీసెట్ చేసే ఫంక్షన్ ఒకటుంది, దాన్ని పిలిస్తే తిరిగి రాదు. అలాంటి ఫంక్షన్ల పేర్లు ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టి, అవి కనబడితే దారి అక్కడితో ఆగిందని లెక్క వేయించాం. ఇది చేయకపోతే ప్రతి రీసెట్ దగ్గరా ఉత్తుత్తి వార్నింగ్ వస్తుంది.

2012 నాటి మిస్రా ఇంత ఓపిక చూపించదు. చివర్లో సూటిగా బ్రేక్ ఉండాల్సిందే అంటుంది. మేం ఆ కఠినత్వం పెట్టుకోలేదు. కేస్‌లో రిటర్న్ రాసిన మనిషి ఏదీ మరిచిపోలేదు, కింద చచ్చిన బ్రేక్ ఒకటి రాయించడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

బాగా ఆలోచించాల్సి వచ్చింది 'ఈ బ్రేక్ ఎవరిది?' అన్న దగ్గర. కేస్ లోపల లూప్ ఉండి, ఆ లూప్‌లో బ్రేక్ ఉంటే అది లూప్‌నుంచి బయటికి తెస్తుంది, స్విచ్ నుంచి కాదు. అదే ఇఫ్ లోపల ఉంటే ఇఫ్‌కి దానితో సంబంధమే లేదు, ఏకంగా స్విచ్ నుంచి బయటికి పోతాం. రాసేవాడి మనసులో ఈ రెండూ తారుమారు కావడం ఎంత తేలికో, దాని ఖరీదు ఎంతో చెప్పడానికి ఇంటర్న్‌లకి 1990 కథ చెప్పాను.

ఆ ఏడాది జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరప్రాంతాల ఫోన్ నెట్‌వర్క్ దాదాపు తొమ్మిది గంటలు కుదేలైంది. న్యూయార్క్‌లో ఒక ఎక్స్చేంజీ యంత్రం కాసేపు ఆగి, తేరుకుని, 'నేను మళ్ళీ పనిలోకి వచ్చాను' అన్నట్టు పక్కవాటికి సందేశాలు పంపింది. వెంటవెంటనే రెండు సందేశాలు అందితే పక్క యంత్రంలో లెక్క తప్పి అదీ రీసెట్ అయ్యేది. తేరుకున్నాక అదీ సందేశాలు పంపేది. నెట్‌వర్క్‌లో ఉన్న 114 యంత్రాలదీ ఒకే సాఫ్ట్‌వేర్, నెల ముందే మార్చింది. మూలం వెతికితే సీ ప్రోగ్రాంలో ఒక స్విచ్, అందులో ఒక కేస్, ఆ కేస్‌లో ఇఫ్ లోపల ఒక బ్రేక్. అది ఇఫ్ వరకే ఆపుతుందనుకుంటే స్విచ్‌నే దాటించేసింది, మధ్యలో జరగాల్సిన పని జరగలేదు.

గమనించాల్సింది ఏంటంటే, ఇక్కడ లోపం బ్రేక్ లేకపోవడం కాదు, ఉండకూడని చోట ఉండడం. 'బ్రేక్ ఉందా లేదా' అని మాత్రమే చూసే రూల్ దీన్ని పట్టదు. అందుకని ఇంకో రూల్ పెట్టాం. కేస్ లోపలి ఇఫ్‌లో బ్రేక్ ఉండి, దాని తర్వాత అదే కేస్‌లో ఇంకా పని మిగిలి ఉంటే, తప్పు అని అనకుండా, 'ఇది స్విచ్ మొత్తాన్ని దాటిస్తుంది, చూసుకోండి' అని ఒక గమనిక మాత్రం వస్తుంది.

అదే వారం, శుక్రవారం సాయంత్రం

మొదటిసారి మొత్తం కోడ్ మీద నడిపాం. సైరన్ తప్పు పాత వెర్షన్‌లో దొరికింది, అది పట్టకపోతే టూలే దండగ. దానితోపాటు ఇంకా చాలా వచ్చాయి. వాటిలో ఒకటి నీరు కారే స్థితి దగ్గరిది. డీఫ్రాస్ట్ ముగిశాక కాయిల్ మీది నీరంతా కారిపోయేదాకా ఫ్యాన్లు వేయకుండా కొన్ని నిమిషాలు ఆగాలి. వాల్వ్ మూసే కేస్ కింద బ్రేక్ లేకుండా నేరుగా ఆ స్థితిలోకి జారుతోంది.

హార్డ్‌వేర్ చూసే అన్నని పిలిచాను. ఆ కోడ్ ఆయన, మానేసి వెళ్ళిపోయిన ఇంకొకాయన కలిసి రాసింది.

"అన్నా, ఇక్కడ బ్రేక్ లేదు. కావాలనే వదిలారా?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని స్క్రీన్ దగ్గరికి వంగారు. "వాల్వ్ మూయగానే నీళ్ళు కారడం మొదలవుద్ది కదా. కావాలనే అయ్యుంటది." కాసేపు ఆగారు. "అయితే వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో ఫీడ్‌బ్యాక్ చూడకుండా పోతన్నాం. ఆ ఫీడ్‌బ్యాక్ వైరు తర్వాత పెట్టాం. అప్పుడు ఇక్కడ బ్రేక్ పెట్టాలనుకున్నామేమో... ఏమో అబ్బాయ్, గ్యారంటీగా చెప్పలేను."

సర్క్యూట్ డ్రాయింగ్ తెప్పించుకుని, టీ తాగుతూ ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. చివరికి ఫాల్‌త్రూ సరైనదేనని తేలింది, ఫీడ్‌బ్యాక్ ఇంకో చోట చూస్తున్నారు. రాసిన మనిషే పక్కన కూర్చుని, రాసిన కోడ్‌లో తన ఉద్దేశం ఏంటో డ్రాయింగ్ చూసి వెతుక్కోవాల్సి వచ్చింది. పదేళ్ళ తర్వాత ఇంకెవరో చదువుతారు, అప్పుడు ఆయన ఉండరు.

కాబట్టి కావాలని వదిలిన చోట ఆ మాట రాసి తీరాలి. ఎలా రాయాలన్నది తర్వాతి ప్రశ్న.

మే నాలుగో వారం

పాత పద్ధతి కామెంట్, అంటే కోడ్ మధ్యలో మనుషులు చదవడానికి రాసే మాట. 'ఇక్కడ కావాలనే జారుతున్నాం' అని ఒక కామెంట్ రాస్తే లింట్ ఊరుకునేది. జీసీసీ కూడా కొన్ని తీర్ల కామెంట్లను గుర్తుపట్టి ఊరుకుంటుంది. క్లాంగ్ మాత్రం కామెంట్లను అసలు లెక్కలోకి తీసుకోదు. మా టూల్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. పైసీపార్సర్‌కి ఇచ్చే ముందు కోడ్‌ని ప్రీప్రాసెసర్‌తో (కంపైల్‌కి ముందు కోడ్‌ని సిద్ధం చేసే ప్రోగ్రాం) నడపాలి, అందులోనే కామెంట్లన్నీ కొట్టుకుపోతాయి. లైను నంబర్లు మిగులుతాయి కాబట్టి అసలు ఫైల్లోకి వెళ్ళి ఆ లైన్ల మధ్య కామెంట్ కోసం వెతకొచ్చు. చేసి చూశాం, పనిచేసింది. కానీ నాకు నచ్చలేదు. కామెంట్‌లో అక్షరం తప్పు పోతే ఎవరికీ తెలియదు. కింద లైను ఎవరో కోసి ఇంకోచోట అతికిస్తే కామెంట్ అనాథగా మిగిలిపోతుంది.

సీ++లో 2017 ప్రమాణం నుంచి, సీలో సీ23 నుంచి దీనికోసం భాషలోనే ఫాల్‌త్రూ అనే యాట్రిబ్యూట్ (కంపైలర్‌కి ఇచ్చే సూచన) ఉంది. లైనక్స్ కెర్నల్ వాళ్ళు 2019లో ఫాల్‌త్రూ అనే మాక్రో (ప్రీప్రాసెసర్ వేరే కోడ్‌గా మార్చే పేరు) తెచ్చి, 2020లో కెర్నల్ అంతటా పాత కామెంట్లను దానితో మార్చేశారు. మా 8-బిట్ కంపైలర్‌కి యాట్రిబ్యూట్ అర్థం కాదు. అయినా మాక్రో పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

మా హెడర్ ఫైల్లో ఇప్పుడు 'జారనివ్వు' అనే మాక్రో ఉంది. జీసీసీతో కంపైల్ చేస్తే అది ఫాల్‌త్రూ యాట్రిబ్యూట్ అవుతుంది. బోర్డు కంపైలర్‌కి అది ఏమీ చేయని ఖాళీ లూప్‌గా కనబడుతుంది. మా టూల్ కోసం ప్రీప్రాసెస్ చేసేటప్పుడు మాత్రం, ఎక్కడా లేని ఒక ఫంక్షన్‌ని పిలిచినట్టు మారుతుంది. పైసీపార్సర్‌కి యాట్రిబ్యూట్లు మింగుడుపడవు గానీ ఫంక్షన్ కాల్ చక్కగా చదువుతుంది. కేస్ చివరి స్టేట్‌మెంట్ ఆ కాల్ అయితే రూల్ ఊరుకుంటుంది. ఆ మాట కేస్ మధ్యలో ఉన్నా, కింద కేస్ లేకుండా ఉన్నా, అప్పుడు అదే తప్పు అని చెబుతుంది. మాక్రో పేరులో అక్షరం తప్పు పోతే బోర్డు కంపైలర్ దగ్గరే బండి ఆగిపోతుంది. కామెంట్‌కి ఈ బలం లేదు. ఒకే మాటకి మూడు చోట్ల మూడు రూపాలు ఇవ్వడం అనే ఈ చిన్న ఏర్పాటు ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన భాగం.

జూన్ మొదటి వారం

డిఫాల్ట్. దీని మీద జరిగినంత వాదన దేనిమీదా జరగలేదు.

ప్రతి స్విచ్‌కీ డిఫాల్ట్ ఉండాలని మిస్రా 16.4 అంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ మా స్థితులన్నీ ఎనమ్‌లో, అంటే పేర్ల జాబితాగా రాసి ఉన్నాయి: ఆగి ఉంది, నడుస్తోంది, డీఫ్రాస్ట్, నీరు కారుతోంది, అలారం. కొత్తగా 'తలుపు తెరిచి ఉంది' అని ఒకటి కలపాలని స్టోరేజీ వాళ్ళు అడుగుతున్నారు. కలిపితే ఆ స్థితి గురించి తెలుసుకోవాల్సిన స్విచ్‌లు కోడ్‌లో చాలాచోట్ల ఉన్నాయి. జీసీసీలో డబ్ల్యూ-స్విచ్ అనే వార్నింగ్ సరిగ్గా దీనికోసమే ఉంది, ఎనమ్‌లో ఉండి కేస్‌లలో లేని పేరుని పట్టుకుని చెబుతుంది. అయితే ఆ స్విచ్‌లో డిఫాల్ట్ ఉంటే మాత్రం ఊరుకుంటుంది. 'మిగతావన్నీ డిఫాల్ట్‌లో చూసుకుంటానని నువ్వే అన్నావు కదా' అన్నది దాని ధోరణి. అంటే భద్రత కోసం పెట్టిన డిఫాల్టే, మరిచిపోయిన స్థితిని కప్పేస్తుంది.

"అయితే డిఫాల్ట్ తీసేద్దాం సార్," అంది ఆ అమ్మాయి. ఆమెకి తోడు క్లాంగ్‌లో ఒక వార్నింగ్ కూడా ఉంది, ఎనమ్ పేర్లన్నీ కేస్‌లుగా రాశాక డిఫాల్ట్ ఎందుకని అడుగుతుంది. కాలేజీలో జావా చేసిన వాళ్ళకి ఇది సహజంగా తోస్తుంది. జావా 14లో స్థిరపడిన కొత్త స్విచ్ ఎక్స్‌ప్రెషన్‌లో బాణం గుర్తుతో రాస్తే జారడమే ఉండదు, డిఫాల్ట్ పెట్టకుండా ఎనమ్‌లో ఒక్క పేరు వదిలినా కంపైల్ కాదు.

ఇందుకు అన్న ససేమిరా అన్నారు. "నువ్వు పీసీ మీద రాస్తన్నావమ్మా. అక్కడ కంప్రెసర్ కాంటాక్టర్ పడ్డప్పుడు సప్లై ఎట్టా ఊగిపోద్దో ఓసారొచ్చి చూడు. మెమరీలో ఒక్క బిట్ అటూ ఇటూ అయిందనుకో, స్థితి తొమ్మిదో తొంభయ్యో అవుద్ది. అప్పుడు ఏ కేసూ కలవదు. మోటర్ ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే ఉండిపోద్ది."

ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. సీలో ఎనమ్ వేరియబుల్‌లోకి పేరు లేని అంకె వెళ్ళకుండా ఆపే కాపలా ఏదీ లేదు. కాబట్టి ఇద్దరి మాటా నిలబెట్టే రూల్ కావాలి. ఇలా రాసుకున్నాం: ఎనమ్ మీద స్విచ్ అయితే ప్రతి పేరూ కేస్‌గా కనబడాలి, దానికి తోడు డిఫాల్టూ ఉండాలి. ఆ డిఫాల్ట్‌లో మామూలు పని రాయకూడదు, అన్నీ ఆపి సురక్షిత స్థితికి తెచ్చే ఫంక్షన్‌ని మాత్రమే పిలవాలి. జీసీసీలో డబ్ల్యూ-స్విచ్-ఎనమ్ అనేది డిఫాల్ట్ ఉన్నా మొదటి సగం చూస్తుంది. రెండో సగం మా సొంతం.

ఇప్పుడు డిఫాల్ట్‌కి ఒకే అర్థం ఉంది: ఇక్కడికి రాకూడదు, వస్తే ఆపెయ్. 'మిగతావన్నీ ఇక్కడ' అనే రెండో అర్థం లేదు. కొన్ని స్థితులకి నిజంగానే చేయాల్సిందేమీ లేకపోతే వాటి పేర్లు వరసగా రాసి కింద ఒక బ్రేక్ పెట్టాలి. నాలుగు లైన్లు పెరుగుతాయి, పెరగనివ్వండి. ఆ స్థితుల గురించి ఆలోచించామని ఆ లైన్లే చెబుతాయి.

అమలు దగ్గర ఒక ముడి పడింది. పైసీపార్సర్ వ్యాకరణం చూస్తుంది గానీ ఏ వేరియబుల్ ఏ రకానిదో చెప్పదు. దానికోసం టైపులన్నీ లెక్కగట్టే యంత్రాంగం రాయడం మా తాహతుకి మించిన పని. అబ్బాయి తేలికైన దారి చెప్పాడు. ముందు కోడ్‌లో ఉన్న ఎనమ్ పేర్లన్నీ ఒక పట్టీగా పోగుచేసుకోవాలి. ఏ స్విచ్‌లోనైనా ఒక కేస్ లేబుల్ ఆ పట్టీలో కనబడితే, ఆ స్విచ్ ఆ ఎనమ్ మీదే అనుకోవాలి. సీలో ఒకే పరిధిలో రెండు ఎనమ్‌లకి ఒకే పేరు ఉండదు కాబట్టి ఇది దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. రెండు ఎనమ్‌ల పేర్లు ఒకే స్విచ్‌లో కలిసిపోతే అది వేరే వార్నింగ్. ఎనమ్ చివర 'స్థితుల సంఖ్య' అని లెక్క కోసం పెట్టుకునే పేరు ఒకటుంటుంది, దాన్ని మినహాయించకపోతే ప్రతి స్విచ్ మీదా వార్నింగ్ పడుతుంది. మినహాయించాం.

జూన్, అదే వారం

చిన్న రూల్స్ గబగబా పెట్టేశాం. డిఫాల్ట్ మధ్యలో ఉండకూడదు. మొదటి కేస్‌కి ముందు వేరియబుల్ డిక్లేర్ చేయకూడదు, ఎందుకంటే ప్రోగ్రాం నేరుగా కేస్‌కి దూకేస్తుంది, అక్కడ ఇచ్చిన విలువ వేరియబుల్‌కి చేరదు. అవును-కాదు మీద స్విచ్ వద్దు, ఇఫ్ ఉంది కదా. కేస్ లేబుల్ లూప్ లోపలికి దూరకూడదు. 1983లో టామ్ డఫ్ లూప్‌ని వేగవంతం చేయడానికి స్విచ్‌నీ డూ-వైల్‌నీ పెనవేసి రాసిన డఫ్స్ డివైస్ అనే ముక్క ఇలాంటిదే. తెలివైన పనే. కోల్డ్ స్టోరేజీకి అక్కర్లేదు.

కేస్‌లు ఇన్ని మించకూడదు అనే రూల్ మాత్రం పెట్టలేదు. కోడ్‌ని తనిఖీ చేసే సోనార్‌క్యూబ్ అనే టూల్‌లో ముప్పై అనే హద్దు ఉంది. నా ఉద్దేశంలో కీప్యాడ్ స్విచ్‌లో చిన్న చిన్న కేస్‌లు నలభై ఉన్నా చదవడానికి ఇబ్బంది ఉండదు. ఒక్క కేస్‌లో వంద లైన్లుంటే అదే ప్రాణం తీస్తుంది. కాబట్టి కేస్ పొడవు మీద హద్దు పెట్టాం, సంఖ్య మీద పెట్టలేదు.

ఈ చిన్న రూల్స్‌లో మేం పెద్దగా ఆశ పెట్టుకోనిది ఒకటి పెద్ద చేపని పట్టింది. స్విచ్ లోపల కేస్, డిఫాల్ట్ కాని మామూలు లేబుల్ ఉంటే చెప్పాలి అన్నది ఆ రూల్. సెన్సర్ ఫైల్లో ఇది దొరికింది:

  కేస్ సెన్సర్_సరే:
    విలువ_చదువు();
    బ్రేక్;
  డిఫల్ట్:
    సెన్సర్_అలారం();
    బ్రేక్;

మళ్ళీ చదవండి. డిఫాల్ట్ కాదు, 'డిఫల్ట్', ఒక దీర్ఘం పోయింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లోనూ అలాగే ఒక అక్షరం పోయింది. సీ భాషకి అది గోటు కోసం పెట్టుకున్న ఒక లేబుల్, పేరు ఏదైనా ఉండొచ్చు. కంపైల్ అయిపోతుంది. పైన బ్రేక్ ఉంది కాబట్టి అటునుంచి ఎవరూ రారు, గోటు ఎక్కడా లేదు కాబట్టి ఇటునుంచీ ఎవరూ రారు. సెన్సర్ తెగిపోయి వింత కోడ్ వస్తే ఏ కేసూ కలవక స్విచ్ మొత్తం దాటిపోతుంది. అలారం మోగదు. కేస్‌కీ అంకెకీ మధ్య ఖాళీ మరిచి కలిపి రాసినా ఇదే జరుగుతుంది. జీసీసీలో డబ్ల్యూ-ఆల్ పెడితే వాడని లేబుల్ అని ఒక లైను చెబుతుంది. మా బోర్డు కంపైలర్ ఏమీ అనలేదు.

బెంచ్ మీద అప్పటికప్పుడు సెన్సర్ వైరు పీకి చూశాం. డిస్‌ప్లే మీద పాత ఉష్ణోగ్రతే కదలకుండా నిలబడింది. అన్న వెంటనే స్టోరేజీలకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు, ఏ గదిలో ఏ వెర్షన్ ఉందో కనుక్కోవడానికి. టూల్ మీద ఆయనకి నమ్మకం కుదిరింది ఆ మధ్యాహ్నమే.

జూన్ మూడో వారం

టూల్ ఇప్పుడు బిల్డ్‌లో భాగం. కొత్తగా రాసిన, మార్చిన ఫైళ్ళలో ఒక్క వార్నింగ్ ఉన్నా, బోర్డులోకి ఎక్కించే హెక్స్ ఫైలు తయారుకాదు. పాత ఫైళ్ళలో మిగిలినవి ఒక పట్టీలో ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటే చూసి తీసేస్తున్నాం. ఒకేసారి అన్నీ దిద్దుదామని అబ్బాయి ఉత్సాహపడ్డాడు. వద్దన్నాను. బాగా నడుస్తున్న కేస్‌కి ఆలోచించకుండా బ్రేక్ తగిలిస్తే, కావాలని జారిన చోట యంత్రం ఆగిపోతుంది. నీరు కారే స్థితి దగ్గర అదే జరిగి ఉండేది. ప్రతిదాని దగ్గరా డ్రాయింగ్ తీసి, అడిగి, 'జారనివ్వు' రాయాలో 'బ్రేక్' రాయాలో తేల్చుకోవాలి.

ఫలానా చోట ఈ రూల్ వద్దు అని ఆపుకునే వీలు కూడా ఇచ్చాం, కానీ కారణం రాయకుండా ఆపితే టూల్ ఒప్పుకోదు. కారణం పది అక్షరాలకన్నా తక్కువుంటే కూడా ఒప్పుకోదు. ఇది అమ్మాయి పట్టుబట్టి పెట్టించింది, బాగుంది.

గదులు నిండుగా ఉన్నాయి. యార్డు వేసవి సెలవులు అయిపోయి సరుకు మెల్లగా కదులుతోంది. సెన్సర్ లేబుల్ దిద్దిన ప్రోగ్రాం ఒక్కటే ముందు ఎక్కిస్తున్నాం, అదీ ఆ ఒక్క అక్షరం తప్ప ఇంకేమీ మార్చకుండా. మిగతా మార్పులు బెంచ్ మీద పూర్తిగా ఆడాక, గదులు ఖాళీ అయ్యే రోజుల్లో.

మిగిలిన పని: స్విచ్‌లో స్విచ్ ఉన్నప్పుడు లోపలి బ్రేక్‌ని బయటిదిగా పొరపడే చోట్లు, మాక్రో కడుపులో దాక్కున్న బ్రేక్‌లు. మొదటిది అమ్మాయి మొదలుపెట్టింది. మాక్రోల సంగతి సోమవారం చూస్తాం.